మాల వేసుకున్నవారిలో నిలిచినవారెందరు?

సత్సంగంలో పేరు రాయించుకున్నవారు వందల్లో ఉన్నారని, వారిలో నిజంగా నిలిచినవారి లెక్క ఎలా తీయాలని మీరు అడిగారు. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గరి మా ఊరి నుంచి తెలుగువారూ మరాఠీవారూ కలిసి విఠలుడి క్షేత్రమైన పండరికి నడిచే వారకరుల (ఏటా అలా నడిచే విఠల భక్తుల) చిన్న దిండీకి, అంటే నడక బృందానికి, నేను కొన్నేళ్లు పద్దు పుస్తకం రాశాను.

ఆషాఢ ఏకాదశికి నడిచినవారిని లెక్కపెట్టి అదే మా బలమనుకోవడం నేను మొదట చేసిన పొరపాటు. ఏటా సంఖ్య ఇంచుమించు ఒకటే కాబట్టి ఎవరూ మానలేదనిపించేది; పాత పుస్తకాలు తీసి పేర్లు సరిచూస్తేగాని, మానినవారి చోట కొత్తవారు చేరుతున్నారని తెలియలేదు. అప్పటినుంచి ఒకే ఏడాది తులసి మాల (వారకరిగా చేరినందుకు గుర్తు అదే) వేసుకున్నవారిని ఒక పుటలో రాసి, ఏటేటా ఆ పేర్లనే వెతికాను. ఆ ఏడాది 40 మంది మాల వేసుకుని ఉంటే, అయిదేళ్ల తరువాత కూడా లెక్క ఆ 40 మందిలో ఎందరన్నదే. చనిపోయినవారిని మానినవారిలో కలపకూడదు.

నిలవడమంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. వారకరులకు మద్యమాంసాల విసర్జన, ఏకాదశి ఉపవాసం, హరిపాఠం (జ్ఞానేశ్వరుడి అభంగాల పారాయణ), ఏటా వారీ (పండరి యాత్ర) అనే నియమాలున్నాయి గాని, వారీ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆషాఢం వేళకు మా వైపు సోయాబీన్, పత్తి పనులు ముమ్మరంగా ఉంటాయి; అప్పుడు రాలేని రైతు కార్తీకానికి వస్తాడు. 2020, 2021లో కోవిడ్ వల్ల దిండీలు నడవలేదు; ఆళంది నుంచి జ్ఞానేశ్వరుడి, దేహు నుంచి తుకారాం పాదుకలే బస్సుల్లో పండరికి వెళ్లాయి. ఆ రెండేళ్ల పుటలు చూస్తే మా ఊళ్లో భక్తులే లేరనిపిస్తుంది. జనాభా లెక్కలూ ఇక్కడ పనికిరావు, అందులో వారకరులు హిందువుల కిందే వస్తారు.

భజన దగ్గర నలుగురిలో అడిగితే నియమం తప్పానని ఎవరూ ఒప్పుకోరు. ఏకాదశినాడు పొయ్యి మీద ఏం ఉడికిందో ఇంటి ఆడవారే సూటిగా చెప్పారు (వారికి దాచవలసిన అవసరం తక్కువ).

అన్నిటికన్నా తికమక పెట్టింది వలస. మూడేళ్లు కనబడని ఒకాయన పేరుకు ఎదురుగా నేను సున్నా చుట్టాను. తరువాత ఫోన్ చేస్తే, హైదరాబాద్‌లో కాపలా పని చేస్తూ రోజూ సాయంత్రం గేటు దగ్గర కుర్చీలో కూర్చుని హరిపాఠం చదువుకుంటున్నానని చెప్పాడు. ఆ సున్నా కొట్టేశాను.