అగ్నిశిఖ చచ్చిపోలేదు అక్కా

హన్మకొండలో మామిడి చెట్టు కింద పెట్టిన అగ్నిశిఖ పూలతీగ చలికాలంలో ఎండిపోయిందని, రోజూ నీళ్లు పోస్తున్నా చిగురు రావట్లేదని రాశారు. టెన్షన్ పడకండి, ముందు నీళ్లు ఆపండి. పూత అయ్యాక తీగ ఎండడం దాని స్వభావం. అప్పుడు తడి ఎక్కువైతే దుంప కుళ్లిపోతుంది.

మెల్లగా తవ్వి చూడండి. నాగలిలా వంకర తిరిగిన దుంప గట్టిగా ఉంటే బతికినట్టే. కొసన ఉండే మొగ్గ మాత్రం విరగొద్దు, మొలక అక్కడి నుంచే. మృగశిర కార్తె వానలకు రెండు అంగుళాల లోతులో అడ్డంగా పెట్టండి. మన అడవుల్లో ఇది ఆకు కొసలతో పొదలను చుట్టుకుంటూ వెలుతురులోకి ఎక్కుతుంది. మొదలుకు నీడ, తీగకు ఎండ! అందుకే చెట్టు నీడ అంచుకు మార్చి, పక్కన ఎండు కంప పాతండి.

దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది. గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.