బైబిల్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి

ప్రియమైన అబ్బాయికి,

ప్రభువు నామంలో వందనాలు. ఇంటి కంప్యూటర్‌లో ఈ-స్వోర్డ్ అనే బైబిలు ప్రోగ్రాం పెట్టుకున్నావనీ, తెలుగు బైబిలు సరిగ్గా కనిపించడం లేదనీ, మధ్యమధ్యలో ఏవో ఎర్రర్లు వస్తున్నాయనీ నీ మెసేజ్ చూశాను. "విసుగొచ్చింది బాబాయ్, అంతా తీసేసి మళ్ళీ మొదట్నుంచి వేస్తా" అన్నావు చూడు, ఆ ఒక్క పని మాత్రం ఆపు. కాపరులు, సండేస్కూల్ టీచర్లు కంప్యూటర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. వచ్చిన సమస్య చిన్నదే ఉంటుంది, దాన్ని వదిలించుకోబోయి పోగొట్టుకున్నది పెద్దదై ఉంటుంది. ప్రోగ్రాం పోతే మళ్ళీ దొరుకుతుంది. బైబిళ్ళు, వ్యాఖ్యానాలు, నిఘంటువులు మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. రోమా పత్రిక మీద ఏళ్ళ తరబడి నువ్వు రాసుకున్న నోట్సు మాత్రం ఇంకెక్కడా దొరకదు.

అందుకే రిపేరు మొదలుపెట్టే ముందు ఆ నోట్సు ఎక్కడుందో కనుక్కో. ఈ-స్వోర్డ్ మామూలుగా డాక్యుమెంట్స్‌లో తన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుని నీ రాతలన్నీ అందులో దాస్తుంది. నీ దాంట్లో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి ఊహించుకోకుండా చూసుకోవాలి. ప్రోగ్రాం తెరిచి ఏదో ఒక వచనం దగ్గర నోట్సులో "పరీక్ష" అని రాసి, సేవ్ చేసి, ప్రోగ్రాం మూసెయ్యి. తర్వాత ఆ ఫోల్డర్ తెరిచి ఫైళ్ళను తేదీ వారీగా అమర్చు. ఏ ఫైలు పక్కన ఇప్పటి టైము కనిపిస్తుందో అదే నీ నోట్సు. ఏ ఫైలుకీ ఆ టైము లేకపోతే నోట్సు ఇంకో చోట ఉందన్నమాట, వెతకాలి. దొరికాక ఒక్క ఫైలు కాదు, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. కాపీ చేసేటప్పుడు ప్రోగ్రాం మూసి ఉండాలి, తెరిచి ఉండగా తీస్తే సగం రాసిన ఫైలు రావచ్చు. తర్వాత ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకో. తెరిచి చూడని కాపీని నేను కాపీగా లెక్కపెట్టను.

ఇక నీ మొదటి బాధ, డౌన్‌లోడ్ చేసిన బైబిలు జాబితాలో కనపడకపోవడం. దీనికి చాలాసార్లు కారణం జిప్ ఫైలే. డౌన్‌లోడ్ అయినదాన్ని అలాగే తెచ్చి ఫోల్డర్‌లో పడేస్తారు. దాన్ని రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ చేస్తేనే లోపలున్న అసలు ఫైలు బయటికొస్తుంది. విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి మనకు తేడా తెలియదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెట్టు. అప్పుడు ఏది జిప్పో, ఏది మాడ్యూలో, అంటే ప్రోగ్రాం చదవగల బైబిలు లేదా నిఘంటువు ఫైలో, కనిపిస్తుంది. ఈ-స్వోర్డ్ బైబిళ్ళ పేర్ల చివర బిబిఎల్‌ఎక్స్ అనో, కొత్త రకమైతే బిబిఎల్‌ఐ అనో ఉంటుంది. దివర్డ్ ప్రోగ్రాంకి పూర్తి బైబిలైతే ఓఎన్‌టీ అని ఉంటుంది. ఫోన్లో వాడే మైస్వోర్డ్, మైబైబిల్ యాప్‌లవి మళ్ళీ వేరు. పేరు చివర అక్షరాలు మార్చినంత మాత్రాన ఒకదాని ఫైలు ఇంకోదాంట్లో పనిచేయదు, లోపలి అమరికే వేరు. నీకు కావలసింది ప్రోగ్రాం లోపలి డౌన్‌లోడ్ మెనూలోనే దొరికితే అక్కణ్ణుంచే తీసుకో, సరైన రకం సరైన చోటికి అదే చేరుతుంది. ఫైలు పెట్టాక ప్రోగ్రాం ఒకసారి మూసి తెరవాలి, నడుస్తుండగా పెట్టినదాన్ని అది చూడదు.

బైబిలు మాడ్యూల్ అని చెప్పి చివర ఈఎక్స్ఈ అని ఉన్నదేదైనా ఎవరైనా వాట్సాప్‌లో పంపితే తెరవకు. డబ్బు కట్టి కొనాల్సిన ప్రోగ్రాంని దొంగ కీతో నడిపించుకోమని ఇచ్చేవాళ్ళూ ఉంటారు. వాక్యం చదువుకోవడానికి దొంగిలించిన సరుకు మనకెందుకు నాన్నా? ఈ-స్వోర్డ్, దివర్డ్, జిఫోస్, బైబిల్‌టైమ్ అన్నీ ఉచితమే. ఈ చివరి రెండూ క్రాస్‌వైర్ బైబిల్ సొసైటీ వాళ్ళ స్వోర్డ్ ప్రాజెక్టు మీద ఆధారపడినవి, లినక్స్ కంప్యూటర్లో కూడా నడుస్తాయి.

తెలుగు అక్షరాల బదులు గడులు కనిపిస్తున్నాయా, లేక ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తున్నాయా? నీ మెసేజ్‌లో ఆ తేడా చెప్పలేదు, రెండూ వేర్వేరు రోగాలు. గడులు కనిపిస్తే ఫైలు బాగానే ఉంది, తెలుగు ఫాంటే లేదు. ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో ఫాంట్ దగ్గరికి వెళ్ళి నిర్మలా యూఐ ఎంచుకో, విండోస్ 8 నుంచి అది కంప్యూటర్‌తోపాటే వస్తోంది. గౌతమి కావాలంటే విండోస్ 10లో, 11లో సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, దాన్ని కలుపుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి.

కలగాపులగంగా కనిపిస్తే ఆ రాత యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి, కాదు. పేజ్‌మేకర్‌లో "అను" అనే పేరున్న ఫాంట్లతో కొట్టిన పాత ప్రసంగాలు, సండేస్కూల్ పాఠాలు మనవాళ్ళ దగ్గర బోలెడున్నాయి. వాటి లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లీషు గుర్తులు, ఆ ఫాంట్ ఉన్నచోట తెలుగులా కనిపిస్తాయి, లేనిచోట బయటపడతాయి. వాటిని నోట్సులో అతికిస్తే ఫాంట్ ఎంత మార్చినా లాభం లేదు, వెతికినా దొరకవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఆ తర్వాత కూర్చుని చదివి దిద్దుకోవాలి. ఒత్తులు, అంకెలు, వచన సంఖ్యలు ఎక్కువగా చెడిపోతుంటాయి. 3:16 కాస్తా ఇంకేదో అయితే నీ ప్రసంగమే తప్పుతుంది, అందుకే ఈ పనిలో తొందర వద్దు.

వెతికితే ఏమీ రావడం లేదన్న ఫిర్యాదు నేను అందరి దగ్గరా వింటాను, దీనికి కాస్త ఓపిగ్గా చెప్పాలి. నువ్వు "పాపం" అని కొట్టి ఉంటావు. మన పాత అనువాదంలో ఆ రూపమే లేదు, అంతా "పాపము", "పాపములు", "పాపమును". కంప్యూటర్‌కి ఇవన్నీ ఒకే మాట అని తెలియదు. అందుకని చివరి అక్షరాలు వదిలేసి "పాప" వరకే కొట్టు. పదం మొత్తం కలవాలి అనే టిక్ ఉంటే తీసెయ్యి. ఇంగ్లీషు బైబిలుకు ఆ టిక్ పనికొస్తుంది గానీ, విభక్తులన్నీ మాటకే అతుక్కుని ఉండే మన తెలుగుకు అదే అడ్డం. "కృప" అని పూర్తి పదంగా వెతికితే "కృపను", "కృపచేత" రావు. యోహాను 1:14లో ఉన్న "కృపాసత్యసంపూర్ణుడుగా" అసలే రాదు. టిక్ తీస్తే మూడూ వస్తాయి. అయితే "పాప" అని వెతికినప్పుడు 17వ కీర్తన 8వ వచనంలోని "కనుపాప" కూడా వస్తుంది. వచ్చిన జాబితా చదివి ఏరుకోవడం మన పనే. ఇంకోటి, వెతికే మాటను వాట్సాప్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసి అతికించకు. కంటికి కనపడని గుర్తులు దానితో రావచ్చు, అవి ఉంటే ఉన్న మాట కూడా దొరకదు. చేత్తో కొట్టు. వెతికే పరిధి మొత్తం బైబిలుగా ఉందో, కొత్త నిబంధనకే పరిమితమై ఉందో కూడా ఒకసారి చూసుకో.

స్ట్రాంగ్స్ నంబరు, అంటే హీబ్రూ, గ్రీకు మూలంలోని ఒక్కో మాటకు ఇచ్చిన సంఖ్య, నొక్కితే ఏమీ రాకపోతే నిఘంటువు మాడ్యూల్ వేసుకోలేదన్నమాట, బైబిలొక్కటే ఉంటే చాలదు. సంబంధం లేని అర్థం వస్తే నంబరు ముందు అక్షరం చూడు. హీబ్రూకి హెచ్, గ్రీకుకి జి. జి26 కొడితే అగాపే, ప్రేమ. అదే 26ని హెచ్‌తో కొడితే దావీదు భార్య అబీగయీలు పేరు వస్తుంది. ఇది చూసి సాఫ్ట్‌వేర్ పాడైందనుకునేవాళ్ళున్నారు.

వచనాలు కలవకపోవడం కూడా అలాంటిదే. హీబ్రూ బైబిలూ మనదీ పక్కపక్కన పెడితే మలాకీ అక్కడ మూడు అధ్యాయాలే, మన 4:5 అక్కడ 3:23. యోవేలు మనకు మూడు అధ్యాయాలు, అక్కడ నాలుగు. 51వ కీర్తనలో పైన ఉండే శీర్షికనే వాళ్ళు రెండు వచనాలుగా లెక్కపెడతారు, అందుకని మన 1వ వచనం అక్కడ 3వది. ఇక కొన్ని ఆధునిక అనువాదాల్లో మత్తయి 17:21, 18:11, అపొస్తలుల కార్యములు 8:37 ఖాళీగా కనిపిస్తే డౌన్‌లోడ్ సగంలో ఆగిందని గాభరా పడకు. ప్రాచీన వ్రాతప్రతుల్లో కొన్నింటిలో ఆ వచనాలు లేవు కాబట్టి అనువాదకులు వాటిని కిందికి, అంటే అధోజ్ఞాపికలోకి పంపారు. సంఘంలో ఎవరైనా అడిగితే కంగారు లేకుండా ఈ మాటే చెప్పు. మాడ్యూల్ నిజంగా చెడిందో లేదో తెలియాలంటే అదే వచనాన్ని వేరే బైబిలులోనూ, అచ్చు పుస్తకంలోనూ చూడు.

ఎర్రర్లలో రెండిటి గురించి చెప్తాను. "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అని వస్తే ఆ ఫైలును ఇంకేదో పట్టుకుని ఉంది. ఈ మధ్య దీనికి ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ కారణమవుతోంది. విండోస్ మనల్ని సరిగ్గా అడక్కుండానే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌లోకి మార్చేస్తుంది, నువ్వు నోట్సు రాస్తుండగానే అది పైకి పంపుతూ ఉంటుంది. పని చేసుకునేటప్పుడు సింక్‌ని పాజ్ చెయ్యి. ఒకే నోట్సును రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరవకు, ఒకదాని రాత ఇంకోదాన్ని చెరిపేస్తుంది. రెండోది "మాల్‌ఫార్మ్‌డ్" అనే మాట. ఈ మాడ్యూళ్ళు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ రకం, రాస్తుండగా కరెంటు పోతే ఫైలు దెబ్బతినవచ్చు. ఏ ఫైలో తెలియకపోతే మాడ్యూళ్ళలో సగం వేరే ఫోల్డర్‌లోకి తీసిపెట్టి తెరిచి చూడు. ఎర్రర్ పోతే ఆ తీసిన సగంలోనే ఉంది, పోకపోతే మిగిలిన సగంలో ఉంది. అలా సగం సగం చేస్తూ పోతే కాసేపట్లో ఒక్క ఫైలు దగ్గర తేలుతుంది. దాన్ని తీసేసి మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకో. తేలింది నీ నోట్సు ఫైలే అయితే మాత్రం ముట్టుకోకుండా పక్కన పెట్టి, పెన్‌డ్రైవ్‌లోని కాపీ వాడు. మీ ఊళ్ళో కరెంటు సంగతి నాకు తెలుసు, ఒక చిన్న యూపీఎస్ కొనుక్కో.

నీ స్నేహితుడు లోగోస్ అనే ఇంకో బైబిలు ప్రోగ్రాం వాడుతున్నాడని, చాలా నిదానంగా ఉందని అన్నావు. కొత్త పుస్తకాలు దిగాక అది ఇండెక్సింగ్ చేసుకుంటుంది, అంటే వెతకడానికి వీలుగా ప్రతి మాటకూ సూచిక తయారుచేసుకుంటుంది. ఆ సమయంలో మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదలుపెడుతుంది. ఛార్జర్ తగిలించి రాత్రంతా వదిలెయ్యమను. పాత హార్డ్‌డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించమను, ర్యామ్ పెంచడం కన్నా ముందు అదే తేడా చూపిస్తుంది.

ఒక్కోసారి ప్రోగ్రాం తెరిచినట్టే ఉంటుంది, కింద టాస్క్‌బార్‌లో గుర్తు కనిపిస్తుంది, తెర మీద మాత్రం ఏమీ ఉండదు. ఆదివారం మందిరంలో ప్రొజెక్టర్‌కి తగిలించి వాడి ఉంటావు. లేని ప్రొజెక్టర్ మీద అది తెరుచుకుంది. టాస్క్‌బార్‌లో దాన్ని ఒకసారి నొక్కి, ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎం నొక్కి, బాణం మీటను పట్టుకుని ఉంచు. కిటికీ మెల్లగా తెర మీదికి వస్తుంది. ఎం పనిచేయకపోతే ముందు రిస్టోర్ ఎంచుకుని మళ్ళీ చెయ్యి.

అప్‌డేట్లు శనివారం సాయంత్రం ఎప్పుడూ పెట్టకు. సోమవారం పెట్టుకో, ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి వారం ఉంటుంది. ప్రసంగం నోట్సు ఆదివారానికి కాగితం మీద కూడా ఉండాలి.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే నాకు పంపు. "పనిచేయట్లేదు" అని కాదు, ఎర్రర్ వచ్చిన తెరను ఫోటో తీసి, హెల్ప్ మెనూలో అబౌట్ దగ్గర కనిపించే వెర్షన్ నంబరు, నీ విండోస్ ఏదో, ఆ ఎర్రర్ రావడానికి ముందు ఏం మార్చావో రాసి పంపు. రాత్రి ప్రార్థన అయ్యాక ఫోన్ చేస్తే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అమ్మను, పిల్లల్ని అడిగానని చెప్పు.

మీ బాబాయి