పంద్రాగస్టు వేడుక చేయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

2027 పంద్రాగస్టుకి స్వాతంత్ర్యం వచ్చి 80 ఏళ్లు నిండుతాయి కదా, ఊళ్లో ఆ వేడుక మీ కుర్రాళ్లకి అప్పగించారని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం. స్టేజీ, మైకు, లైటింగుల టెన్షన్ ఆఖరి వారంలో పడొచ్చు. ఇప్పటినుంచే మొదలెట్టాల్సింది వేరే ఉంది. పెద్దవాళ్లకు తెలిసింది పిల్లల చెవిన పడాలి.

రజతోత్సవం నుంచి అమృతోత్సవం దాకా అన్నీ చూశాను. 1972 నాటికి, స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లొచ్చినవాళ్లు ఇంకా మన మధ్యే తిరిగేవారు. ప్రభుత్వం వాళ్లకి తామ్రపత్రాలిచ్చింది, పింఛను కూడా ఆ పంద్రాగస్టుకే మొదలైంది. 1997కి వాళ్లలో చాలామంది పోయారు. ఆ ఏడు పార్లమెంటు అర్ధరాత్రి సమావేశంలో గాంధీ, నెహ్రూ, బోసు గొంతులు రికార్డు వేసి వినిపించారు. 2022లో ఇంటింటా జెండా ఎగిరింది, భీమవరంలో అల్లూరి 30 అడుగుల కాంస్య విగ్రహం లేచింది. నాకూ ఒళ్లు పులకరించింది. కానీ తన వీధిలో జైలుకెళ్లిందెవరో జెండా పట్టుకున్న పిల్లాడికి తెలియదు. నా బాధంతా అదే.

అందుకని ముందు తామ్రపత్రాలున్న ఇళ్లకు వెళ్లు. రాగిరేకు మీద హిందీలో చెక్కిన అక్షరాలు, వాటిలో ఇందిరాగాంధీ పేరు కనిపిస్తాయి. నల్లబడిందని కొందరు చింతపండు పెట్టి తోముతారు. అక్షరాలు అరిగిపోతాయి, వద్దని చెప్పు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా ఫొటో తియ్యి. ఆ తర్వాత ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చో. స్వాతంత్ర్య పోరాటం గురించి చెప్పమంటే పుస్తకంలో ఉన్నదే చెబుతారు. "మామగారు జైల్లో ఉన్నప్పుడు ఇల్లెలా గడిచిందని చెప్పుకునేవారు?" అని అడుగు, అసలు మాటలు అప్పుడొస్తాయి. ఫోన్‌లో రికార్డు చెయ్యి, కానీ ఫోన్‌లోనే వదిలెయ్యకు. బడి పిల్లల చేత రూళ్ల పుస్తకంలో రాయించు.

మనవైపు కథలకేం కొదవ? 1921లో చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు మోయలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఊరొదిలి, రామనగరంలో పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ వెంటనే పెదనందిపాడు ఫిర్కా, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ల రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి వెంట నడిచి శిస్తు కట్టం పొమ్మన్నారు. పిల్లలకి గాంధీ, నెహ్రూ వేషాలు ఎలాగూ వేస్తారు, ఈ రైతుల వేషాలూ వేయించు.

మీ ఆవిడ వాళ్లది నల్లగొండ వైపు కదా. 1947 పంద్రాగస్టున అక్కడింకా నిజాం పాలనే, వాళ్ల పెద్దలు తలుచుకునేది ఆ పాలన పోయిన 1948 సెప్టెంబరు 17ని. ఆ సంగతి అమ్మాయి చేతే సభలో చెప్పించు.

మర్నాడు జెండాలు రోడ్డు మీద కనపడకూడదు. పంచాయతీ ఆఫీసులో ఒక పెట్టె పెట్టించు. చిరిగినవాటిని ఫ్లాగ్ కోడ్ చెప్పినట్టు జనం మధ్య కాకుండా, గౌరవంగా కాల్చాలి.

ఆ రూళ్ల పుస్తకానికి రెండు కాపీలు తీయించి ఒకటి బళ్లో, ఒకటి పంచాయతీలో ఉంచండి. రాసిన పిల్లల పేర్లూ అందులో ఉండాలి. 2047లో నూరేళ్ల పండగ చేసేది వాళ్లే. చివర కొన్ని పేజీలు ఖాళీగా వదలమను.

తామ్రపత్రాలున్న ఇళ్లు నాకు కొన్ని గుర్తున్నాయి. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, వరసగా చెబుతాను, రాసుకుందువు గాని.

మీ మామయ్య