అది కవిత్వమో కాదో మామయ్యగారొక్కరే తేల్చాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. నాకు 41 ఏళ్లు. అమ్మ బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. రెండేళ్ల కింద ఆమె పోయినప్పటి నుంచి ఏవేవో రాసుకుంటున్నాను. మామయ్యగారు రిటైరైన తెలుగు పండితులు. ఒకరోజు నా నోటుబుక్ చూసి ‘యతి లేదు, ప్రాస లేదు, ఇదేం కవిత్వం?’ అన్నారు. మావారు నవ్వేశారు. అప్పట్నుంచి ఒక్క ముక్క రాయలేకపోతున్నాను. నేను రాసేది కవిత్వమేనా? నాలా రాసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

జవాబు: ‘అమ్మ వేళ్ల సందున తంబాకు వాసన / నా ఫీజు రసీదుకీ అంటింది’ అని రాశారు. అమ్మా, ఇది కవిత్వమే. దాని కిందే ‘నీవు త్యాగమూర్తివి’ అన్నారు చూడండి, అది మాత్రం కొట్టేయండి. రసీదుకు అంటిన వాసనలోనే ఆమె కష్టమంతా ఉంది. దానికి పేరు పెట్టేసరికి పలచబడిపోయింది.

మామయ్యగారి మాట పద్యం వరకూ నిజం. కందానికో ఉత్పలమాలకో యతిప్రాసలు తప్పవు. అయితే కవిత్వం పద్యంతోనే ఆగిపోలేదు. యతిప్రాసల నియమం లేని వచన కవిత కోసం కవి కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టింది 1958లో. అంతదాకా ఎందుకు, మీ ఉమ్మడి జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సినారెనే తీసుకోండి. ఛందస్సు క్షుణ్ణంగా తెలిసిన మనిషి, గేయాలూ గజళ్లూ రాసిన మనిషి. అలాంటాయన ‘విశ్వంభర’ను వచన కవితలోనే రాశారు. 1988 జ్ఞానపీఠం ఆయనదే.

ఇదంతా మామయ్యగారి మీద గెలవడానికి వాడకండి. ఏళ్ల తరబడి పద్యం వినీ చెప్పీ పదునెక్కిన చెవి మీ ఇంట్లోనే ఉంది. ‘మామయ్యా, యతిప్రాసలు పక్కన పెట్టి, చదువుతుంటే ఎక్కడ తడబడుతోందో చెప్పండి’ అని అడిగి చూడండి. తీర్పు చెప్పమంటే ఒకలా ఉంటారు, సాయం అడిగితే మరోలా ఉంటారు. మీవారితో మాత్రం సూటిగా చెప్పండి: ‘అది మా అమ్మ గురించి రాసుకున్నది, మీరు నవ్వితే బాధేసింది’ అని. ఆయనకు ఆ సంగతి తెలియకపోయి ఉండొచ్చు.

ఇక తోటివాళ్ల మాట. మీరు సరైన ఊళ్లోనే ఉన్నారు. పున్నమి రాత్రి ఎవరో ఒకరి డాబా మీద చేరి కవితలు చదువుకునే ‘ఎన్నీల ముచ్చట్లు’ మీ కరీంనగర్‌లో మొదలైనవే. ఇప్పుడూ జరుగుతున్నాయా, జరిగితే ఈసారి ఎవరింట్లో, ఎప్పుడు అని జిల్లా గ్రంథాలయంలో కాసేపు కూర్చుని అక్కడికొచ్చే పాఠకులనూ రచయితలనూ అడగండి. పుస్తకావిష్కరణ సభల వార్తలు పేపర్ జిల్లా పేజీలో చిన్నగా పడుతుంటాయి, అవీ చూస్తుండండి. కొన్నిచోట్ల పొగడ్తలూ శాలువాలూ తప్ప ఇంకేమీ ఉండవు. అలాంటి చోట మనసు విరగ్గొట్టుకోకుండా ఇంకోచోటికి వెళ్లండి. చదివాక ‘ఈ పంక్తి నిలబడలేదు’ అని మెల్లగా చెప్పే మనిషి ఒక్కరున్న గుంపు చాలు. రాత్రిపూట ఒక్కరే వెళ్లడం ఇంట్లో ఇబ్బందైతే మీవారిని వెంట రమ్మనండి. పదిమంది మధ్య కూర్చుని విన్నప్పుడు ఆయన చెవికీ వేరుగా వినిపిస్తుంది.

మొదటిసారి ఊరికే వినడానికి వెళ్లండి. రెండోసారి ఆ రసీదు కవిత పట్టుకెళ్లండి, ఆ త్యాగమూర్తి పంక్తి కొట్టేశాకే.