పులుపు ముందు, తీపి తర్వాత

చిరంజీవి కన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

సెలవులకు 12 మంది వస్తున్నారనీ, పళ్ల సాస్‌తో మీట్‌బాల్స్ నువ్వే చేస్తానని మాటిచ్చేశావనీ రాశావు. మంచి పని చేశావు. ఉండలు గట్టిపడతాయేమో, సాస్ నోట్లో పెట్టుకోలేనంత తియ్యగా తయారవుతుందేమో అని నీకున్న టెన్షన్ అర్థమైంది. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే. మిగతాది నువ్వు చూసుకోగలవు.

ముందు లెక్క తేల్చుకో. బల్ల మీద వేరే వంటలూ ఉంటాయి కాబట్టి మనిషికి ఐదు చొప్పున 60 ఉండలు సరిపోతాయి. దానికి కిలో కీమా కావాలి. ఏ మాంసమైనా ఫర్వాలేదు, కానీ కొవ్వు 15 నుంచి 20 శాతం ఉండాలి. ఆరోగ్యమంటూ కొవ్వంతా తీయించేసిన కీమా తెచ్చావంటే ఆ తర్వాత నేను చెప్పేవేవీ దాన్ని కాపాడలేవు. చికెన్ అయితే బ్రెస్ట్ వద్దు, తొడ మాంసం కొట్టించు. వచ్చేవాళ్లలో ఎవరు ఏ మాంసం తినరో, ఎవరికి గుడ్డు, పాలు, గోధుమ పడవో ఫోన్ చేసి ముందే కనుక్కో. వడ్డించేటప్పుడు తెలిస్తే నీకూ ఇబ్బందే, వాళ్లకూ ఇబ్బందే.

ఇక మెత్తదనం సంగతి. అది మాంసంతో వచ్చేది కాదు, బ్రెడ్డుతో వచ్చేది. బ్రెడ్డును చాలామంది కీమా సరిపోక వేసే సరుకు అనుకుంటారు. అసలు పని అంతా అదే చేస్తుంది. మాంసం ఉడికేటప్పుడు అందులోని ప్రోటీన్లు బిగుసుకుపోయి లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. మధ్యమధ్యలో పాలు పీల్చుకున్న బ్రెడ్ ఉంటే అవి ఒకదానికొకటి గట్టిగా అతుక్కోలేవు, ఊరే రసంలో కొంత బ్రెడ్డే పట్టి ఉంచుతుంది కూడా. కాబట్టి నాలుగు స్లైసుల అంచులు తీసేసి, ముక్కలు చేసి, 150 మిల్లీలీటర్ల పాలలో పది నిమిషాలు నానబెట్టు. తర్వాత పాలు పిండేయకు. చేత్తో మెదిపి ముద్ద చేసెయ్. పాలు పడనివాళ్లు ఉంటే నీళ్లో, మాంసం ఉడికించిన నీళ్లో పోసుకోవచ్చు. గోధుమ పడకపోతే మెత్తగా ఉడికించి మెదిపిన అన్నం వాడు. పొడి బ్రెడ్ క్రంబ్స్ ప్యాకెట్ విప్పి అలాగే పోసెయ్యడం మాత్రం నాకు నచ్చదు. నానని పొడి మాంసంలోని తడినే లాక్కుంటుంది.

ఆ ముద్దలోనే మిగతావన్నీ కలుపు: రెండు గుడ్లు, రెండున్నర టీస్పూన్ల మెత్తని ఉప్పు, టీస్పూన్ మిరియాల పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద, సన్నగా తరిగి నూనెలో మగ్గించి చల్లార్చిన ఒక పెద్ద ఉల్లిపాయ. ఉల్లిపాయ పచ్చిగా వేస్తే ఓవెన్‌లో నీరు వదులుతుంది, ఉండ పగులుతుంది. వేడిగా వేస్తే కీమాలోని కొవ్వు ముందే కరిగిపోతుంది. అందుకే మగ్గించాలి, చల్లార్చాలి, రెండూ ముఖ్యమే.

కీమా అన్నిటికంటే చివర. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉన్నప్పుడే వెయ్యి. ఈ వరస ఎందుకు చెబుతున్నానంటే, మసాలా అంతా ముందే కలిసిపోయి ఉంటే మాంసాన్ని తక్కువసేపు కలిపితే చాలు. ఉప్పు తగిలిన మాంసాన్ని ఎంత కలిపితే అంత జిగురు వస్తుంది. సాసేజ్‌కి ఆ జిగురు కావాలి, మనకొద్దు. పిండి కలిపినట్టు పిసికావంటే ఉండలు రబ్బరులా ఎగురుతాయి. వేళ్లు విడదీసి, కింది నుంచి పైకి తిప్పుతూ, తెల్లటి బ్రెడ్ చారలు కనబడకుండా పోగానే చెయ్యి తీసెయ్. ఇంకొక్కసారి కలుపుదాం అనిపిస్తుంది చూడు, సరిగ్గా అక్కడే ఆగు.

అన్నీ చుట్టేయడానికి ముందు చిన్న బిళ్ల ఒకటి చేసి పెనం మీద కాల్చి తిను. ఉప్పు సరిపోయిందా, కారం చాలా అన్నది అదే చెబుతుంది. పచ్చి కీమాను మాత్రం నాలుక మీద పెట్టి చూడకు.

ఉండలు 25 గ్రాముల చొప్పున చుట్టుకో. అంటే అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లు. మొదటి నాలుగైదు తూకం వేస్తే ఆ తర్వాత చేతికే తెలిసిపోతుంది. అరచేతులు తడి చేసుకో, గట్టిగా నొక్కకు. అన్నీ ఒకే సైజులో ఉండాలనేది అందం కోసం కాదు, అన్నీ ఒకేసారి ఉడకాలని. ట్రేలో కాస్త ఎడంగా పేర్చి, 220 డిగ్రీల సెల్సియస్‌లో ముందే వేడెక్కిన ఓవెన్‌లో 12 నుంచి 15 నిమిషాలు ఉంచు. పెనం మీద వేయించినవే రుచి అనేవాళ్లున్నారు, కాదనను. కానీ 60 ఉండల్ని విడతలుగా తిప్పుతూ నూనె చిందులు తుడుచుకుంటూ నిలబడే ఓపిక పండగ ముందు ఎవరికుంటుంది? ఓవెన్ లేకపోతే మాత్రం పెనమే గతి. అప్పుడు కిక్కిరిసేలా వెయ్యకు. ఆవిరి పట్టి రంగు రాదు.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి నిర్ణయించకు. ముక్క మాంసంలో క్రిములు సాధారణంగా పైపైనే ఉంటాయి. కీమా కొట్టేసరికి అవి లోపలికీ కలిసిపోతాయి. కాబట్టి వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కో. ఉండ మధ్యలో గుచ్చితే మటన్, బీఫ్, పోర్క్‌కి 71 డిగ్రీలు, చికెన్, టర్కీకి 74 డిగ్రీలు చూపించాలి. అంతవరకే, ఇంకా ఉంచితే ఎండిపోతాయి.

సాస్ దగ్గరికి వద్దాం. మాంసంతో పండు కలపడం కొత్తేమీ కాదు. స్వీడన్‌లో మీట్‌బాల్స్ పక్కన లింగన్‌బెర్రీ అనే పుల్లటి చిన్న ఎర్రపళ్ల జామ్ పెడతారు. అమెరికాలో పార్టీలకు ద్రాక్ష జెల్లీలో చిల్లీ సాస్ కలిపి ఉండల్ని అందులో వేడి చేసే పద్ధతి పాతదే. ఆ రెండో దాన్ని నేనైతే సగం తియ్యదనంతో చేస్తాను. కొవ్వున్న మాంసానికి జత కావలసింది పండులోని పులుపు. తీపి ఆ పులుపు గుచ్చుకోకుండా చూడటానికే. నువ్వు భయపడుతున్న సాస్ ఎక్కడ చెడుతుందంటే, చక్కెర ముందే గుమ్మరించి, తర్వాత దాన్ని నిమ్మరసంతో దిద్దబోయినప్పుడు. దాన్ని తిరగెయ్.

తాజావో ఫ్రీజర్‌వో క్రాన్‌బెర్రీలు 350 గ్రాములు తీసుకో. ఎండువి వద్దు, వాటిలో మామూలుగా చక్కెర కలిపేసి ఉంటుంది. స్టీల్ గిన్నెలోనే వండు. పులుపు అల్యూమినియంతో చర్య జరిపి లోహపు రుచి తెస్తుంది. ఒక కప్పు నీళ్లు, ఒక నారింజ రసం, తురిమిన అల్లం టీస్పూన్, చిల్లీ ఫ్లేక్స్ అర టీస్పూన్, రెండు టేబుల్‌స్పూన్ల సోయాసాస్ వేసి మరగనివ్వు. కాసేపటికి పళ్లు టప్‌టప్ అని పగులుతాయి. మూత ఓరగా పెట్టు, లేకపోతే స్టవ్ అంతా ఎర్రబడుతుంది. ఎనిమిది, పది నిమిషాల్లో చాలావరకు పగిలాక గరిటెతో మెదిపి, అప్పుడు చక్కెర మొదలుపెట్టు. ముందు 100 గ్రాములు. కరిగాక రుచి చూడు. ఇంకా కావాలంటే కొద్దికొద్దిగా, 150 దాటకుండా. నారింజ తొక్కను పైపైన తురిమి దించేముందు వెయ్యి. కింది తెల్లటి పొర పడితే చేదొస్తుంది.

రుచి చూసేటప్పుడు ఒక్క సాస్‌నే స్పూన్‌తో నాకి తీర్పు చెప్పకు. ఉండ ముక్కను అందులో ముంచి తిను. విడిగా పుల్లగా ఉందే అనిపించిన సాస్ మాంసం కొవ్వుతో కలిస్తే సరిగ్గా కుదురుతుంది. విడిగా బాగుందనిపించినది మాంసంతో తింటే మిఠాయిలా తేలిపోతుంది. ఈ ఒక్క అలవాటు లేకే చాలామంది సాస్ తియ్యగా చేసేస్తారు.

స్టవ్ మీద పలచగా కనబడితే కంగారుపడి కార్న్‌ఫ్లోర్ వెయ్యకు. క్రాన్‌బెర్రీలో పెక్టిన్, అంటే జామ్‌ను గట్టిపరిచే పదార్థం, ఎక్కువ. పులుపూ చక్కెరా తోడయ్యాక చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. మళ్లీ వేడి చేసినప్పుడు నీళ్లు పోసి పలచన చేసుకోవాల్సి రావచ్చు కూడా.

క్రాన్‌బెర్రీ దొరక్కపోతే పుల్లటి ప్లమ్స్ నాకిష్టం. ఆప్రికాట్ కూడా బాగుంటుంది. చెర్రీల్లో పెక్టిన్ తక్కువ కాబట్టి వాటికి మాత్రం టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్లలో కలిపి పొయ్యాలి. అదీ లేదు, ఇదీ లేదు, చేతిలో జామ్ సీసానే ఉందంటే అలాగే చెయ్యి, తప్పేమీ లేదు. జామ్‌లో సగానికి పైగా చక్కెరే ఉండటం మామూలు, అందుకని ఇంక చక్కెర జోలికి పోకు. 300 గ్రాముల జామ్‌కి మూడు టేబుల్‌స్పూన్ల వెనిగర్, ఒక టేబుల్‌స్పూన్ ఆవాల పేస్ట్, చిల్లీ ఫ్లేక్స్ వేసి, అరకప్పు నీళ్లతో మరిగించు.

పైనాపిల్ అంటే నీకు ఇష్టమని తెలుసు, అందుకే ఇది విడిగా చెబుతున్నా. ఉడికించని పైనాపిల్‌లో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసం ప్రోటీన్లను విరగ్గొడుతుంది. తాజా రసాన్ని కీమాలో కలిపి ఉంచితే ఉండలు పిప్పిగా అయిపోతాయి. కివీ, పచ్చి బొప్పాయి కూడా అంతే. మరిగిస్తే ఆ ఎంజైమ్ పని పోతుంది, డబ్బా పైనాపిల్‌లో ముందే పోయి ఉంటుంది. సాస్‌లో వేసి బాగా మరిగించు, కీమా దగ్గరికి మాత్రం రానివ్వకు.

ఇవన్నీ పండగ రోజే చేద్దామనుకోకు. రెండు రోజుల ముందు ఉండలు కాల్చి, చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. అంతకంటే ముందు చేయాలనుకుంటే కాల్చిన ఉండల్ని ట్రేలో విడివిడిగా ఫ్రీజ్ చేసి, గట్టిపడ్డాక కవర్లో వేసుకో. మూడు నెలల దాకా బాగుంటాయి. కరగడానికి ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి, వంటగట్టు మీద వదిలేయకూడదు. సాస్ విడిగా దాచు. కలిపి ఉంచితే ఉండల్లోని బ్రెడ్ రాత్రికి రాత్రి సాస్‌ను తాగేస్తుంది, మర్నాడు గిన్నెలో ఉండలే మిగులుతాయి.

ఆ రోజు అతిథులు రావడానికి అరగంట ముందు సాస్ వేడి చేసి, ఉండలు వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద పావుగంట ఉంచు. నడుమ గిన్నెను పట్టుకుని కుదుపు, గరిటె పెడితే విరుగుతాయి. ఒకదాని మధ్యలో థర్మామీటర్ గుచ్చి 74 డిగ్రీలు వచ్చిందో లేదో చూడు. తీపి సాస్ అడుగంటడం తేలిక, కాబట్టి మంట పెంచే ఆలోచన వద్దు. నాలుగు గంటలపాటు వచ్చేవాళ్లు వస్తూ, పోయేవాళ్లు పోతూ ఉంటారంటున్నావు కదా, స్లో కుక్కర్ ఉంటే అందులోకి మార్చి 60 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉంచు. కాకపోతే అందులో చల్లటి ఉండలు వేసి వేడెక్కనిద్దాం అనుకోకు, చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. స్టవ్ మీద పొగలు కక్కాకే అందులో పొయ్యాలి. స్లో కుక్కర్ లేకపోతే కొద్దికొద్దిగా వేడి చేసి రెండు మూడు విడతల్లో బల్ల మీద పెట్టు. బయట రెండు గంటలకు మించి ఉన్నవి తీసి దాచే లోభం వద్దు.

ఫ్రిజ్‌లో మిగిలిన ఉండల్ని మూడు నాలుగు రోజుల్లో తినేయండి. బన్ను చీల్చి, ఉండల్ని సగానికి కోసి, చీజ్ పెట్టి కాలిస్తే పిల్లలు అడిగి మరీ తింటారు. ముందుగా 500 గ్రాముల కీమాతో ఈ ఆదివారమే ఒకసారి చేసి చూడు, మిగతావన్నీ సగానికి తగ్గించుకుని. చక్కెర ఎంత దగ్గర ఆగావో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మ