కారులోకి కత్తి సరే, ముందు అద్దం మూలన ఉన్న ముద్ర చదవండి

ప్రశ్న: కొత్త కారు తీసుకున్నాం. మా ఊరి నుంచి పాలకొల్లు దాకా కాలువ గట్టు రోడ్డే. ఎందుకైనా మంచిదని కారులో ఒక రెస్క్యూ కత్తి పెట్టుకుందామనుకుంటున్నాను. సీటు బెల్టు కోసేది, అద్దం పగలగొట్టేది, టార్చి అన్నీ ఒకదాంట్లోనే ఉన్నవి 300 నుంచి 6,000 రూపాయల దాకా కనిపిస్తున్నాయి. ఏది కొనమంటారు?

జవాబు: ఏటా జూన్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదిలారో లేదో, ఈ ప్రశ్న నాకు వచ్చేస్తుంది. ఊరి పేరు మారుతుంది, మిగతాదంతా అదే. వేసవిలో కాలువలు కట్టేసి అడుగున బురద కనబడే రోజుల్లో మాత్రం ఒక్కరూ అడగరు.

కత్తి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మొన కోసుగా ఉన్నది వద్దు. చీకట్లో, ఒరిగిపోయిన కారులో, పక్క సీట్లో మనిషి భుజానికీ బెల్టుకీ మధ్య దూర్చాల్సిన వస్తువది. మొన మొండిగా ఉండాలి, అంచుకు రంపపు పళ్లుండాలి, ఒంటి చేత్తో తెరుచుకోవాలి, తెరిచాక వేళ్ల మీదకి మడతపడకుండా లాకు పడాలి. స్టెయిన్‌లెస్సే తీసుకోండి. మన ఉప్పు గాలికీ తేమకీ మామూలు ఉక్కు ఒక్క వర్షాకాలం ఆగదు. అసలు నన్నడిగితే మడత కత్తి కంటే కొక్కెంలా వంగి, బ్లేడు లోపలికి ఉండే బెల్టు కట్టరే నయం. తెరిచే పని లేదు, ఒంటికి తగలదు. బెల్టును బిగువుగా పట్టుకుని ఐమూలగా లాగాలి. వదులుగా ఉంటే బెల్టు తెగదు సరికదా, ముడతపడి కట్టర్‌లో ఇరుక్కుంటుంది.

ఇక అద్దం. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే.

కారు ముందు అద్దం లామినేటెడ్. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా ఊడిరాదు. పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ రకం. మూల మీద గట్టి మొన తగిలిందంటే కలకండ పలుకుల్లా రాలిపోతాయి. అయితే బయటి చప్పుడు వినపడకూడదని ఈమధ్య ఖరీదైన కార్లకు పక్కన కూడా లామినేటెడ్ వేస్తున్నారు. 2019లో అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ ఇలాంటి ఆరు పరికరాలను పరీక్షించింది. టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దం దగ్గర ఆరూ చేతులెత్తేశాయి. కాబట్టి కత్తికి ఆర్డరు పెట్టే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి అద్దం కింది మూలన చిన్న అక్షరాల్లో ఉన్న ముద్ర చదవండి. ముందు తలుపులకు ఒక రకం, వెనక తలుపులకు ఇంకో రకం ఉండొచ్చు. టెంపర్డ్ అని ఎక్కడుందో అదే మీ దారి, ఇంట్లో అందరికీ అది చూపించండి. సన్‌ఫిల్మ్ అంటించి ఉంటే ముక్కలు దానికే అతుక్కుని ఉండిపోతాయి, కాలితో బయటికి తన్నాల్సి వస్తుంది.

పగలగొట్టడానికి కత్తి పిడి చివరి మొనను నమ్ముకోకండి. చెయ్యి వెనక్కి తీసి విసురుగా కొడితేనే అది పనిచేస్తుంది. నీళ్లలో ఆ విసురు రాదు. అద్దానికి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు తన్నే రకం కొనండి. మెకానిక్ షెడ్డులో సెంటర్ పంచ్ చూసుంటారు, దాని తమ్ముడే ఇది. మొన టంగ్‌స్టన్ కార్బైడ్‌ది, అంటే గాజు కంటే గట్టి పదార్థంది కావాలి. పెట్టె మీద రాసినంత మాత్రాన నమ్మకండి. నేనూ 350 రూపాయలు పెట్టి ఒకటి తెప్పించి, పాత ఇనుము కొట్లో పడున్న కారు తలుపు మీద ప్రయత్నించాను. మూడు దెబ్బలకు మొన బొడిపె కట్టింది, అద్దానికి గీత పడింది. కొట్టాయన నవ్వి, "ఆయ్, దాంతో కొబ్బరికాయ కూడా పగలదండి" అన్నాడు. ఆకురాయి పెట్టి రుద్దండి. మొన అరిగితే అది కార్బైడ్ కాదు.

హెడ్‌రెస్ట్ పీకి అద్దం పగలగొట్టే వాట్సాప్ వీడియో దయచేసి నాకు పంపకండి. హెడ్‌రెస్ట్ ఊడి వచ్చేది అద్దాలు పగలగొట్టడానికి కాదు. ఇప్పుడు చాలా సీట్లకు అసలు ఊడిరాదు కూడా.

ఇంతవరకూ మీరు అడిగింది. నన్ను నిజంగా భయపెట్టేది మాత్రం కొత్త కార్ల తలుపులు. హ్యాండిల్ స్థానంలో ఒక బటన్ పెడుతున్నారు. అది నొక్కితే కరెంటు వెళ్లి గడియ తీస్తుంది. కరెంటు లేకపోతే? తీగతో లాగే గడియ ఒకటి ఎక్కడో దాచి ఉంచుతారు. మా తోడల్లుడి కారుకు అమలాపురంలో ఒక పెళ్లి దగ్గర 12 వోల్టుల బ్యాటరీ చచ్చింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, మిట్టమధ్యాహ్నం ఎండ. వెనక తలుపులు రాలేదు. ముందు సీట్ల మధ్య నుంచి పిల్లల్ని లాగి దింపాక, నీడన కూర్చుని మాన్యువల్ తిరగేస్తే తేలింది: వెనక తలుపు జేబులో రబ్బరు చాప ఎత్తి, దాని కింద మూత పీకి, లోపలున్న తీగ లాగాలట! పొడి నేల మీద, పట్టపగలు, నలుగురం పెద్దవాళ్లం ఉండి కనిపెట్టలేకపోయాం. నీళ్లు నిండుతున్న కారులో ఏడేళ్ల పిల్ల కనిపెడుతుందా? ఆ డిజైన్ గీసినవాళ్లను ఒకసారి మా గట్టు మీద రాత్రిపూట తిప్పాలని ఉంది. మీది కొత్త కారన్నారు కాబట్టి ఈ ఆదివారమే నాలుగు తలుపులకూ ఆ గడియ ఎక్కడుందో వెతికి, ఒకసారి లాగి చూడండి. చైల్డ్ లాక్ వేసి ఉంటే వెనక తలుపు లోపలి నుంచి మామూలుగా ఎటూ తెరుచుకోదన్నది గుర్తుంచుకోండి.

మామూలు హ్యాండిలే ఉన్నా, నీళ్లు కిటికీ అంచుదాకా వచ్చాక తలుపు మీద బయటి నుంచి వందల కిలోల ఒత్తిడి ఉంటుంది. తోసి లాభం లేదు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు నిజం కార్లను నీళ్లలో ముంచి మరీ పరీక్షలు చేశాడు. కారు కాసేపు తేలుతుంది, ఆ మొదటి నిమిషంలోనే బెల్టు తీసి, కిటికీ దించి, పిల్లల్ని ముందు పంపి బయటపడాలంటాడు. పవర్ విండోలు నీళ్లు తగిలిన మరుక్షణం చచ్చిపోవు. కాబట్టి మొదట నొక్కాల్సింది కిటికీ బటన్. ఫోన్ తీసి 112 కొట్టడం, ఇంటికి చెప్పడం గట్టెక్కాకే. పంచ్‌తో పని కిటికీ దిగనప్పుడే. దాన్ని డ్యాష్‌బోర్డు అరలో కాగితాల కింద పెట్టకండి, కారు ఒరిగితే ఎటు పడుతుందో తెలీదు. బెల్టు పెట్టుకుని కూర్చుని, కళ్లు మూసుకుని చెయ్యి చాస్తే అందే చోట బిగించండి.

టార్చి, పవర్‌బ్యాంకు కలిపిన రకం మాత్రం వద్దే వద్దు. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల ఎంత కాగుతుందో స్టీరింగు ముట్టుకున్న మీ చేతికే తెలుసు. అంత వేడిలో ఊరూ పేరూ లేని లిథియం సెల్‌ను ఏడాది పొడుగునా ఉంచడమంటే, లేని ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

అన్నట్టు, మీకు దారి చూపించే మ్యాప్ యాప్ సెట్టింగులు ఎప్పుడైనా చూశారా? రెండు నిమిషాలు కలిసొస్తుందంటే చాలు, మెయిన్ రోడ్డు వదిలేసి గట్టు మీదకి ఎక్కించేస్తుంది. అది గడ్డి పెరిగిన గట్టని, ఎదురుగా వరికోత మిషన్ వస్తే దిగడానికి చోటుండదని దానికి తెలీదు. హైదరాబాద్ నుంచి సంక్రాంతికి వచ్చే అల్లుళ్లకు మరీ ప్రమాదం. రాత్రి లైట్ల వెలుగులో గుర్రపుడెక్క పరుచుకున్న కాలువ పచ్చటి చేనులా కనిపిస్తుంది. మలుపులో గట్టు ఎక్కడ అయిపోయి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో ఇక్కడ పుట్టినవాళ్లకే తెలీదు. టోల్ గేట్లు తప్పించమంటే తప్పించే యాప్‌కి, కాలువ గట్లు తప్పించమని చెప్పే మీట ఒకటి పెట్టడం కష్టమా? ఈ మాట ఫీడ్‌బ్యాక్ పెట్టెలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ప్రతిసారీ నక్షత్రాలు ఇవ్వమని అడుగుతుంది.

ప్రశ్న: మీరు చెప్పిన రకం పంచ్, కట్టర్ నా తాళాల గుత్తికే ఉన్నాయి. మధురపూడిలో విమానం ఎక్కేటప్పుడు ఇబ్బందా?

జవాబు: బ్లేడు ఉంది కదండీ, చేతి సంచిలో పోనివ్వరు, అక్కడే తీసేసుకుంటారు. అయినా అది కారులో ఉండాల్సిన వస్తువు. గుత్తి నుంచి విప్పి ఇప్పుడే సీటు పక్కన బిగించేయండి.