రాయి మీది తేదీ సంఘం పుట్టిన తేదీయేనా?

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లోని బాప్టిస్టు సంఘాలవారు తమ సంఘ చరిత్ర రాసుకునే పనిలో అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా సంఘానికి స్వర్ణోత్సవం చేయాలని కమిటీ వేశారు. అద్దె ఇంట్లో మొదటి ప్రార్థన కూడిక ఒక ఏడాది జరిగింది. సంఘంగా ఏర్పడింది ఇంకో ఏడాది. గుడి ప్రతిష్ఠ మరెప్పుడో. గోడకు రాయి ఉంది కదా, అదే లెక్క అంటున్నారు పెద్దలు. ఏ తేదీ పట్టుకోవాలి? (తిరుపతి)

జవాబు: రాయి గుడిది. మీరు వెతుకుతున్నది సంఘానిది. బాప్టిస్టుల లెక్కలో బాప్తిస్మం పొందిన విశ్వాసులు ఒకరితో ఒకరు నిబంధన చేసుకుంటే, అంటే సంఘంగా కలిసి నడుస్తామని మాట ఇచ్చుకుంటే, సంఘమైనట్టే. సొంత గుడి లేకపోయినా, పాస్టరు గారు ఇంకా రాకపోయినా అది సంఘమే. నిబంధన చదివి సభ్యులుగా పేర్లు ఇచ్చిన రోజునే స్థాపన తేదీగా తీసుకోండి.

ఆ రోజు కోసం మొదట తిరగేయాల్సింది మినిట్స్ పుస్తకం. సంఘంగా ఏర్పడాలన్న తీర్మానం, దాన్ని ప్రతిపాదించినవారి, బలపరచినవారి పేర్లు, మొదటి డీకన్ల (సంఘ పరిచారకుల) ఎన్నిక సాధారణంగా దగ్గర దగ్గర పేజీల్లోనే దొరుకుతాయి. మొదటి మినిట్స్ పుస్తకం పోయిందంటే పద్దు పుస్తకం తీయండి. ప్రభు భోజనానికి రొట్టె, ద్రాక్షరసం ఖర్చు మొట్టమొదట ఏ నెలలో పడిందో చూడండి. వేరే సంఘానికి శాఖగా ఉన్నన్నాళ్లు ఈ ఖర్చు చాలాచోట్ల తల్లి సంఘం పద్దులోనే ఉంటుంది. అది మీ పద్దులోకి వచ్చిన నెల, తల్లి సంఘం మీవాళ్లను విడుదల చేస్తూ ఇచ్చిన ఉత్తరం తేదీ దగ్గర దగ్గరగా ఉంటే మీ తేదీ దొరికినట్టే. హాలు అద్దె పద్దు ఆగిపోయిన నెల మీరు సొంత స్థలంలోకి మారిన కాలాన్ని చెబుతుంది.

పద్దు పుస్తకం మీద ఏడాది వేసి లేకపోతే నాణేలు చూడండి. రూపాయలు, అణాలు, పైసలు అని మూడు గళ్లుంటే అది చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందుది. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే ఆ తర్వాతి ఏడేళ్లలోది.

ఇంకో రెండు తేదీలు కమిటీలను తరచూ తప్పుదారి పట్టిస్తాయి. ఒకటి శంకుస్థాపన రాయి. పునాదికీ ప్రతిష్ఠకూ మధ్య, చందాలు అందక, ఏళ్లకు ఏళ్లు గడిచిన గుళ్లున్నాయి. రెండోది సొసైటీ రిజిస్ట్రేషన్. 1860 చట్టం కిందైనా, మన రాష్ట్రపు 2001 చట్టం కిందైనా అది స్థలం కొనడానికో బ్యాంకు ఖాతాకో చేయించుకున్నది. సంఘం అప్పటికి చాలా ఏళ్లుగా నడుస్తూ ఉండవచ్చు.

రాయి మీద సున్నం పేరుకుని అక్షరాలు కనబడకపోతే ఇనుప బ్రష్షూ యాసిడూ వాడకండి. నీళ్లతో తడిపి వెదురు పుల్లతో కొద్దికొద్దిగా తీయండి. రాత్రిపూట టార్చిని రాయికి పక్కనుంచి, గోడకు ఆనించినంత ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే అరిగిన అక్షరం నీడ తేలుతుంది.

ప్రశ్న: మిషన్ల చరిత్ర పుస్తకాలు ఎన్ని తిరగేసినా చిత్తూరు, తిరుపతి బాప్టిస్టుల మాటే లేదు. అన్నీ నెల్లూరు, ఒంగోలే. మా సంఘాన్ని ఏ దొరగారు స్థాపించారో ఎలా తెలుస్తుంది? (చిత్తూరు)

జవాబు: ఏ దొరగారూ స్థాపించి ఉండకపోవచ్చు. అందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు.

ఒకరి ప్రాంతంలోకి ఇంకొకరు పోకూడదని ఆ రోజుల్లో మిషన్లు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే మొదలు అమెరికన్ బాప్టిస్టుల పని నెల్లూరు, ఒంగోలు, ఆ పైన కర్నూలు, తెలంగాణ వైపు సాగింది. కెనడా బాప్టిస్టులు 1874 నుంచి కాకినాడ కేంద్రంగా ఉత్తర కోస్తాలో పనిచేశారు. శ్రీకాళహస్తి, తిరుపతి వైపు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్లది. దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి ఇవాళ్టికీ తిరుపతే కేంద్రం. చిత్తూరు, మదనపల్లె స్కడ్డర్లనే అమెరికన్ మిషనరీ కుటుంబం నడిపిన ఆర్కాటు మిషన్‌వి. ఆర్కాటు మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడ్డ సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) కలిశాయి. బాప్టిస్టులు ఆ ఐక్యతలో చేరలేదు.

అంటే మీ రెండు పట్టణాల్లో బాప్టిస్టు సంఘం చాలావరకు బదిలీల మీద పుట్టిన సంఘం. రేణిగుంట రైల్వే, 1954లో వచ్చిన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, బడులు, బ్యాంకులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలను ఇటు తెచ్చాయి. వాళ్లు పెట్టెలో దుస్తులతో పాటు సొంతూరి సంఘం ఇచ్చిన బదిలీ ఉత్తరమూ తెచ్చుకున్నారు. మీ చరిత్రకు మొదటి అధ్యాయం ఆ ఉత్తరాల్లో ఉంది.

చేయవలసిన పని ఇది. సభ్యత్వ రిజిస్టరులో మొదటి 30 పేర్లు తీసుకోండి. ఒక్కొక్కరికీ ఆరు గళ్లు గీయండి: పేరు, భర్త లేదా తండ్రి పేరు, చేరిన తేదీ, చేరిన విధం, అంతకుముందు ఉన్న సంఘం, ఉద్యోగం. చేరిన విధం అంటే ఇక్కడే బాప్తిస్మం పొందారా, ఉత్తరం మీద వచ్చారా, ఉత్తరం లేకుండా తమ విశ్వాసం గురించి చెప్పిన సాక్ష్యం మీద చేర్చుకున్నారా అన్నది. పట్టిక పూర్తయ్యేసరికి ఏ ఊరినుంచి, ఏ ఆఫీసునుంచి, ఏ ఏళ్లలో గుంపుగా వచ్చారో మీకే కనబడుతుంది. ఉత్తరం మీద వచ్చినవాళ్లకంటే ఇక్కడ బాప్తిస్మం పొందినవాళ్లు ఎక్కువైన ఏడాదిని గుర్తు పెట్టుకోండి. బయటివాళ్ల కూడికగా ఉన్నది ఊరి సంఘమైంది అప్పుడే. అన్ని తేదీల్లోకీ అదే ముఖ్యమైనదని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కుంది. కొత్త పాస్టరు గారు వచ్చినప్పుడో, పాత పుస్తకం చిరిగినప్పుడో రిజిస్టరును తిరగరాస్తారు. అప్పుడు చనిపోయినవారి, బదిలీ అయినవారి, వెలివేసినవారి పేర్లు రాలిపోతాయి. వరుస నంబర్లు మారిపోతాయి. మొదటి పేజీ నుంచి ఇరవై ఏళ్ల దాకా ఒకటే చేతిరాత, ఒకటే సిరా కనిపిస్తే అది నకలు. అసలు రిజిస్టరులో చేతిరాత మారుతుంది, సిరా రంగు మారుతుంది, పక్కన కొట్టివేతలుంటాయి. నకలే మిగిలి ఉంటే చందా పుస్తకంలోని పేర్లతో సరిచూడండి. రిజిస్టరులో లేనివాళ్లు అక్కడ దొరుకుతారు.

పక్క వీధి లూథరన్ సంఘంతో సంఖ్యలు పోల్చి ‘మేం చిన్న సంఘం’ అనుకోకండి. వాళ్ల లెక్కలో బాప్తిస్మం పొందిన పసిపిల్లలూ ఉంటారు. మీ లెక్కలో తెలివి వచ్చి, ఒప్పుకుని, నీళ్లలో మునిగినవాళ్లే ఉంటారు.

స్థలం పత్రాల కోసం తిరిగేటప్పుడు జిల్లా సరిహద్దుల చరిత్ర మనసులో పెట్టుకోండి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లానుంచి గూడూరు, సూళ్లూరుపేట వచ్చి కలిశాయి. దస్తావేజులో జిల్లా పేరు ఏది రాసి ఉంటే ఆ కాలపు కార్యాలయాన్నే అడగాలి.

ప్రశ్న: కనిగిరి వైపునుంచి చిత్తూరు వచ్చి స్థిరపడ్డాం. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించినప్పుడు మా ముత్తాత అందులో ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటాం. సంఘ చరిత్రలో రాయవచ్చా? (చిత్తూరు)

జవాబు: ముందు మీ ముత్తాత వయసు లెక్క వేయండి. ఆ బాప్తిస్మాలు 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో జరిగాయి. పసిపిల్లలకు ఇచ్చే ఆచారం లేదు. ఆనాటికి కనీసం పన్నెండేళ్లుంటే తప్ప వరుసలో నిలబడి ఉండరు. అంటే ఆయన 1866కి ముందే పుట్టి ఉండాలి. 1950లో డెబ్బయ్యేళ్ల వయసులో పోయారని సమాధి రాయి చెబుతుంటే ఆయన పుట్టింది 1880లో, ఆ రోజు నది ఒడ్డున ఉండే వీలే లేదు. బహుశా ఆయన తండ్రి అయి ఉంటారు. ఇళ్లలో చెప్పుకునే మాటలు ఒక తరం కిందికి జారడం మామూలే.

వయసు సరిపోయినా ఆ ఒక్క రోజే అని గట్టిగా రాయకండి. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజులకు 3,536. ఆ తర్వాతి నెలల్లోనూ జనం వస్తూనే ఉన్నారు. అందరి వారసులకూ గుర్తున్నది మాత్రం 2,222. ‘1878లో ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం పొందారని కుటుంబంలో చెప్పుకుంటారు’ అని రాస్తే సరిపోతుంది. తర్వాత కనిగిరి వేరే కేంద్రమైంది కాబట్టి పాత సభ్యత్వ పుస్తకాల కోసం ఒంగోలుతో పాటు కనిగిరిలోనూ అడగండి. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో మిషన్ల పాత కాగితాల భాండాగారం ఉంది. అమెరికన్ బాప్టిస్టుల కాగితాలు అట్లాంటాలో ఉన్నాయి. అయితే అక్కడ దొరికేవి ఎక్కువగా దొరల ఉత్తరాలూ నివేదికలూ. విశ్వాసుల పేర్లు వరసగా దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

‘కరువు గంజి కోసం చేరారు’ అన్న మాట వినబడితే ఒక సంగతి చెప్పండి. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పని ఒప్పుకుని కూలి ఇప్పించినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. పనులు ముగిశాకే నీళ్లలోకి దిగారు.

ప్రశ్న: 2021 నవంబరు వరదలో బీరువా కింది అర తడిసింది. అందులోని పాత మినిట్స్ పుస్తకాలు ఎండి ఇటుకల్లా అతుక్కుపోయాయి. పేజీలు విప్పే దారి ఉందా? ల్యామినేషన్ చేయిస్తే ఆగుతాయా? (తిరుపతి)

జవాబు: ల్యామినేషన్ వద్దే వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి కరిగి పట్టేస్తుంది, మళ్లీ విడదీయలేరు. సెల్లో టేపూ అంతే, పదేళ్లకు పసుపు మరక మిగిల్చి ఊడుతుంది.

పొడిగా ఉన్న కట్టను విప్పబోతే అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకుని వస్తాయి. మొదట ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో బూజు దులపండి. తర్వాత సిరాను పరీక్షించండి. తడి దూదిని ఒక మూల అక్షరం మీద తేలిగ్గా అద్దండి. నీలం దూదికి అంటిందంటే అది ఫౌంటెన్ పెన్ను సిరా. ఆ పుస్తకాన్ని మీరు ముట్టుకోకండి, పాత పత్రాలు బాగుచేసే నిపుణులకు ఇవ్వండి. బాల్‌పెన్ను రాత అయితే మీరే ప్రయత్నించవచ్చు.

మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున తడిపి పిండిన తువ్వాలు, దాని మీద నీరు తగలని ఎత్తులో జల్లెడ లాంటి బల్ల, దాని మీద పుస్తకం పెట్టి మూత వేయండి. నాలుగు గంటలకు ఒకసారి తీసి చూడండి. కాగితం చెమ్మ పీల్చి వంగేంత మెత్తబడాలి, తడవకూడదు. రాత్రంతా వదిలేస్తే మళ్లీ బూజు పడుతుంది. మెత్తబడ్డాక మొద్దు అంచున్న వెదురు బద్దను మూలనుంచి లోపలికి జరుపుతూ ఒక్కో పేజీ లేపండి. మొరాయించిన చోట ఆపి మళ్లీ డబ్బాలో పెట్టండి. లేచిన ప్రతి పేజీ మధ్యా అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ ఉంచి, మూడు నాలుగు గంటలకోసారి మారుస్తూ ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది. నిగనిగలాడే పూత కాగితం, అంటే సావనీర్ల లాంటివి, అతుక్కుపోతే ఇక విడవవు.

మళ్లీ ఎప్పుడైనా పుస్తకాలు తడిస్తే 48 గంటల్లోపు బూజు మొదలవుతుందని గుర్తుంచుకోండి. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు.

విడిన పేజీని విడిన రోజే ఫొటో తీయండి. కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. ఫోను చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించి, పేజీకి నేరుగా పైన ఉంచండి. ఫైలు పేరులో పుస్తకం, ఏడాది, పేజీ సంఖ్య ఉండాలి. ఒక నకలు సంఘంలో, ఇంకోటి వేరే ఇంట్లో ఉంచండి.

ప్రశ్న: మా సంఘం ఒకప్పుడు చీలింది. రెండు వర్గాలవారూ బతికే ఉన్నారు. రాయాలా, వదిలేయాలా? (తిరుపతి)

జవాబు: రాయాలి, నాలుగు వాక్యాల్లో. ఏ తేదీన ఏ తీర్మానం మీద భేదం వచ్చింది, ఎంతమంది వెళ్లారు, ఎక్కడ కూడుకున్నారు, కోర్టుకు వెళ్లి ఉంటే దావా నంబరు, తీర్పు తేదీ. కారణాలు, మనుషుల పేర్లు వద్దు. అచ్చుకు ముందు ఆ పేజీ ఒక్కటీ రెండు వైపులా ఒక్కొక్క పెద్దమనిషికి చూపించండి. చీలిక ఊసెత్తకుండా దాటేస్తే, సభ్యుల సంఖ్య ఒక్క ఏడాదిలో సగమెందుకైందని చదివేవాళ్లే అడుగుతారు.

ప్రశ్న: పెద్దవాళ్లను అడిగితే ఏళ్లు చెప్పలేకపోతున్నారు. (తిరుపతి)

జవాబు: ఏడాది అడగకండి, ఊరి గుర్తులు అడగండి. ‘రెండో ఘాట్ రోడ్డు వేయకముందా, వేశాకా?’ అంటే 1974కి అటో ఇటో తేలుతుంది. మొదటి ఘాట్ రోడ్డు 1944ది, విశ్వవిద్యాలయం 1954ది, ఎమర్జెన్సీ 1975ది. ఇద్దరిని విడివిడిగా అడిగి, రెండు మాటలూ కలిసినప్పుడే పుస్తకంలోకి ఎక్కించండి. ఒకే గదిలో కూర్చోబెడితే పెద్దాయన చెప్పిందే అందరి జ్ఞాపకమవుతుంది.

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లి గుడిలోనే జరిగింది. ఆ పెళ్లి రిజిస్టరు చెదలు తినేసింది. సర్టిఫికెట్టు ఇక రాదా? (చిత్తూరు)

జవాబు: రావచ్చు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న పాస్టరు గారు జరిపిన పెళ్లిళ్ల నమోదు జిల్లా మ్యారేజ్ రిజిస్ట్రారుకు చేరాలి. అక్కడినుంచి పైకి రిజిస్ట్రార్ జనరల్‌కు వెళుతుంది. అలా చేరి ఉంటే గుడిలోని పుస్తకం పోయినా అక్కడ ఆనవాలు ఉండవచ్చు. వధూవరుల పేర్లు, తండ్రుల పేర్లు, పెళ్లి జరిగిన నెల, ఏడాది, గుడి ఊరు రాసి, రుసుము కట్టి వెతకమని దరఖాస్తు ఇవ్వండి. ఆ హక్కు అదే చట్టం 79వ సెక్షన్‌లో ఉంది. పెళ్లి చీటీల్లో వాడుక పేరుండి, రిజిస్టరులో బాప్తిస్మం పేరుండటం వల్ల చాలా దరఖాస్తులు వెనక్కి వస్తుంటాయి కాబట్టి రెండు పేర్లూ రాయండి.